తెల్లబడిన పగడానికి ఎంత వ్యవధి ఉంది?

చెన్నై మైలాపూరులో తెలుగువారి నెలవారీ సభలో, కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలి ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాము. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు.

ముందు వరుసలో కూర్చున్నవారిలో నలుగురైదుగురి ఉంగరపు వేలికి పగడం కనిపిస్తోంది. కుజుడి కోసం పెట్టుకున్నారో, అందం కోసం పెట్టుకున్నారో నేను అడగను. కాని ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ పగడం గురించి కాదని ముందే చెప్పాలి. ఆభరణాలలో పొదిగే ఎర్ర పగడం మధ్యధరా సముద్రం వంటి చోట్ల, వెలుతురు అంతగా పడని రాళ్ళ మీద, నెమ్మదిగా పెరిగే ఒక జాతి. అది దిబ్బలు కట్టదు. నేను చెప్పబోయేది దాని చుట్టాల గురించి. అంటే ఎండ పడే లోతులేని వెచ్చని సముద్రాలలో, తరతరాలుగా ఒకదాని అస్థిపంజరం మీద మరొకటి పెరుగుతూ, దిబ్బలనూ దీవులనూ కట్టే పగడాల గురించి. పాఠ్యపుస్తకాలలో వీటిని ప్రవాళ భిత్తికలు అంటారు. నేను పగడపు దిబ్బలు అంటాను.

ప్రవాళం అన్న మాటకు నిఘంటువు తీసి చూడండి. రెండు అర్థాలు కనిపిస్తాయి: ఒకటి పగడం, రెండోది చిగురు. పగడానికి ఉన్న మరో పేరు విద్రుమం, అందులోనూ ద్రుమం ఉంది, చెట్టు ఉంది. మన పూర్వులు పగడాన్ని చూసి ఇది సముద్రంలో మొలిచిన చెట్టు అనుకున్నారన్నమాట. శాస్త్రం వచ్చి, కాదు, ఇది జంతువు అన్నది. జెల్లీ చేపకు దగ్గరి బంధువు, నోటి చుట్టూ చిన్న చిన్న స్పర్శకాలు ఉండే జంతువు. ఒక్కొక్క ప్రాణిని పాలిప్పు అంటాము. చాలా జాతులలో అది బియ్యపు గింజంత ఉంటుంది. అయితే పూర్వుల మాట పూర్తిగా తప్పేమీ కాదు. ఆ జంతువు కణాల లోపల, ఒక చదరపు సెంటీమీటరుకు లక్షల సంఖ్యలో, జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు జీవిస్తుంది. అది ఆకులాగే ఎండను పట్టి చక్కెర తయారుచేస్తుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం వరకూ ఆ నాచు నుంచే అందుతుంది. పగడం బదులుగా దానికి తలదాచుకునే చోటు ఇస్తుంది, తన వ్యర్థాలలోని నత్రజనిని ఎరువుగా ఇస్తుంది. ఇంటివారూ అద్దెకున్నవారూ ఒకరి చేతి వంట ఒకరు తింటూ కోట్ల సంవత్సరాలు గడిపిన ఇల్లు అది. పగడానికి మనం మెచ్చుకొనే గోధుమ, ఆకుపచ్చ, బంగారు ఛాయలలో ఎక్కువ భాగం ఆ అద్దెకున్నవారివే. పగడపు ఒళ్ళు నిజానికి గాజులాగా పారదర్శకం. ఆ ఒంటి కింద ఉన్న సున్నపురాయి అస్థిపంజరం తెల్లగా ఉంటుంది. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి, మిగతా ప్రసంగమంతా వీటి మీదే నిలబడుతుంది.

ఇక వేడి సంగతి. ఇక్కడున్న తల్లులకు దీని గురించి నేను చెప్పనక్కరలేదు. పాలు కాచి, గోరువెచ్చగా చల్లారాక, వేలు ముంచి చూసుకొని తోడు వేస్తాము. ఆ వెచ్చదనంలో పెరుగు చక్కగా తోడుకుంటుంది. అంతకు కాస్త ఎక్కువ వేడి ఉంటే విరిగిపోతుంది. వెచ్చదనం కావాలి, కాని హద్దు దాటకూడదు. పగడం బ్రతుకూ అంతే. ఒక ప్రాంతంలో ఏడాది మొత్తంలో అతి వెచ్చని నెలలో సముద్రపు నీటి సగటు ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో, దానికి అలవాటుపడి పగడం హద్దుకు దగ్గరగానే జీవిస్తుంది. ఆ సగటును ఒక్క డిగ్రీ దాటి, ఆ వేడి కొన్ని వారాలు నిలిచిందంటే ఒప్పందం తెగిపోతుంది. ఎలా తెగిపోతుంది? వేడికి తోడు ఎండ తీవ్రత కూడా పెరిగినప్పుడు నాచులోని కిరణజన్య సంయోగక్రియ అదుపు తప్పుతుంది. చక్కెరతో పాటు హాని చేసే ఆక్సిజన్ రూపాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి, పోగవుతాయి. అన్నం పెట్టిన చేతినుంచే విషం వస్తుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? పగడం ఆ నాచును బయటకు వెళ్ళగొడుతుంది. రంగు పోతుంది. పారదర్శకమైన ఒంటిలోంచి తెల్లని ఎముక కనిపిస్తుంది. దీనినే పగడాలు తెల్లబడటం అంటున్నాము.

దయచేసి ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పత్రికలలో తెల్లని దిబ్బ ఫొటో వేసి, కింద "చనిపోయిన పగడాలు" అని రాస్తుంటారు. అది తప్పు. తెల్లబడిన పగడం చనిపోలేదు. పాలిప్పులు బ్రతికే ఉన్నాయి, స్పర్శకాలు కదులుతూనే ఉన్నాయి. అది ఆకలితో ఉంది. నీళ్ళు కొద్ది వారాలలో చల్లబడితే మిగిలి ఉన్న కాస్త నాచు పెరుగుతుంది, కొత్తది వచ్చి చేరుతుంది, కొన్ని నెలలలో రంగు తిరిగి వస్తుంది. చల్లబడకపోతే పస్తులుండి చనిపోతుంది. అప్పుడు దానిమీద పీచులాంటి నాచు పట్టి, బూడిద రంగూ ఆకుపచ్చా కలిసిన దుప్పటి కప్పినట్టు అవుతుంది. కాబట్టి తెల్లదనం చూసి మనం అడగవలసిన ప్రశ్న "చనిపోయిందా?" అని కాదు. "ఎంత వ్యవధి ఉంది?" అని అడగాలి.

ఈ వ్యవధిని కొలిచే పద్ధతి ఒకటి ఉంది. అమెరికా సముద్ర వాతావరణ సంస్థ అయిన నోవా, ఉపగ్రహాలతో సముద్రపు పైపొర ఉష్ణోగ్రతను కొలిచి, ఆ అతి వెచ్చని నెల సగటు మీద ఎన్ని డిగ్రీలు, ఎన్ని వారాలు అన్న లెక్కను కూడుతూ పోతుంది. డిగ్రీ హీటింగ్ వీక్స్ అంటారు. ఒక డిగ్రీ అదనపు వేడి నాలుగు వారాలు నిలిస్తే లెక్క నాలుగు. రెండు డిగ్రీలు రెండు వారాలు నిలిచినా నాలుగే. నాలుగు దగ్గర పగడాలు గుర్తించదగినంతగా తెల్లబడతాయి. ఎనిమిది దాటితే చావులు మొదలవుతాయి. మన దేశంలో హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే సునామీ హెచ్చరికలు పంపే ఆ సంస్థే, అండమాన్, లక్షద్వీప్, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖల పగడాలకు ఇటువంటి హెచ్చరికలు ఇస్తోంది. సముద్రమే లేని హైదరాబాదులో కూర్చొని సముద్రం వేడిని చూసి చెబుతున్నారంటే నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది.

మండపంలో చూసినది

నేను ముప్పై ఏళ్ళు విద్యార్థులను ఏటా మండపం అనే ఊరికి తీసుకువెళ్ళాను, రామేశ్వరానికి ఇవతల ఉన్న తీరపు ఊరు అది. ఇక్కడినుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి ఆ ప్రాంతానికి చేరుకుంటాము. ఇందాక చెప్పిన మన్నారు సింధుశాఖలో, రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా తీరం వెంట 21 చిన్న దీవులు ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న సముద్రాన్ని 1986లో జాతీయ పార్కుగా ప్రకటించారు. ఇప్పటికి అక్కడ 117 జాతుల గట్టి పగడాలను నమోదు చేశారు. రామేశ్వరం యాత్ర చేసి, అగ్నితీర్థంలో స్నానం చేసి, తిరిగివచ్చిన తెలుగువారు వేలమంది ఉంటారు. ఆ నీళ్ళకు కూతవేటు దూరంలో ఇంత లోకం ఉందని వారిలో ఎంతమందికి తెలుసు? మనకు ఎవరూ చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను.

2016 వేసవిలో వెళ్ళినప్పుడు, మోకాలి లోతు నీళ్ళలోకి దిగగానే, ఎండలో పెట్టిన బిందెలో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకొని తల ముంచాను. కిందటి ఏడు నేను గోధుమరంగులో చూసిన కొమ్మల పగడాలు, సున్నం వేసిన గోడలా ఉన్నాయి. కొన్ని పగడాలు తెల్లబడే ముందు ఊదా, నీలం, గులాబీ రంగులలో మెరుస్తాయి. ఎండ నుంచి కాపాడుకోవడానికి అవి చేసే చివరి ప్రయత్నం అది. అటువంటి ఒక గుత్తిని చూసి నా విద్యార్థిని ఒకమ్మాయి నీళ్ళలోంచి తల ఎత్తి, "మేడం, ఇంత అందమైన పగడాన్ని నేను ఎప్పుడూ చూడలేదు" అన్నది. ఆ మాటకు జవాబు చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. మమ్మల్ని తీసుకువెళ్ళిన పాంబన్ పడవ మనిషి మాత్రం మా కబుర్లు విని, ఈ ఏడు ఒరా చేప దిబ్బ దగ్గర లేదమ్మా, లోతుకు పోయింది అని తమిళంలో చెప్పాడు. అతని దగ్గర ఉష్ణమాపకం లేదు. వల ఉంది, అది చాలు.

ఆ ఏడాది ఒక్క మండపానికే ఈ కష్టం వచ్చిందనుకోకండి. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడటం మొదటిసారి 1998లో జరిగింది. ఆ తరువాత 2010. ఆ తరువాత 2014 నుంచి 2017 వరకూ విడవకుండా మూడేళ్ళు. నాలుగోది 2023లో మొదలైంది. మొదటిసారి ప్రపంచంలోని పగడపు దిబ్బల విస్తీర్ణంలో 21 శాతం పగడాలను తెల్లబరిచే స్థాయి వేడికి గురైంది. రెండోసారి 37 శాతం, మూడోసారి 68 శాతం. నాలుగోసారి 84 శాతం. ఈ నాలుగు అంకెలనూ ఒకసారి మనసులో వరుసగా చదువుకోండి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ 2,300 కిలోమీటర్ల పొడవు, అంటే దాదాపు కన్యాకుమారి నుంచి ఢిల్లీ దాకా. 2016లో ఒక్క ఏడాదిలోనే అక్కడి లోతులేని నీటి పగడాలలో సుమారు 30 శాతం చనిపోయాయి. 2017లో మళ్ళీ తెల్లబడ్డాయి. 2020, 2022, 2024లో మళ్ళీ మళ్ళీ తెల్లబడ్డాయి.

నా ప్రసంగంలో అసలు మాట ఇక్కడుంది. 1996 నవంబరులో కోనసీమను తుఫాను తాకినప్పుడు కొబ్బరి తోటలు ఎలా నేలకూలాయో ఇక్కడ కొందరికి గుర్తుండే ఉంటుంది. మా మేనమామగారి తోట కూడా అందులో పోయింది. మళ్ళీ మొక్క నాటి, నీళ్ళు పెట్టి, అది కాపుకు రావడానికి ఆరేడేళ్ళు ఎదురుచూశారు. కోనసీమ కోలుకుంది. ఎందుకు కోలుకుంది? ఆ ఆరేడేళ్ళలో అంతటి తుఫాను మళ్ళీ రాలేదు కాబట్టి. ప్రతి నాలుగేళ్ళకూ అటువంటి తుఫాను వచ్చి ఉంటే, ఏ రైతు ఎంత కష్టపడినా అక్కడ కొబ్బరి కాయ చూసేవాళ్ళమా? పగడపు దిబ్బలో త్వరగా పెరిగే కొమ్మల జాతులు కూడా చావుల తరువాత మళ్ళీ నిండుగా పెరగడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. గుండ్రాళ్ళలా ఉండే పగడాలు ఏడాదికి సెంటీమీటరుకు అటూఇటూగా పెరుగుతాయి, వాటికి దశాబ్దాలు కావాలి. 1980లలో ఒక దిబ్బ తీవ్రంగా తెల్లబడితే, మళ్ళీ అటువంటిది రావడానికి సగటున పాతిక ముప్పై ఏళ్ళు పట్టేది. 2016 నాటికి ఆ వ్యవధి ఆరేళ్ళకు పడిపోయింది. పది పదిహేనేళ్ళు కావలసిన ప్రాణికి మనం ఆరేళ్ళు ఇస్తున్నాము. పగడాలకు వేడిని తట్టుకొనే శక్తి లేదనడం అన్యాయం. అవి ఎన్నో వేడి సంవత్సరాలను తట్టుకొని కోలుకున్నాయి. మనం వాటినుంచి లాక్కుంటున్నది ఆ కోలుకొనే వ్యవధిని.

కొన్నేళ్ళకొకసారి పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో వల్ల కదా ఇదంతా అని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. ఎల్ నినో పాతదే. వేల ఏళ్ళుగా వస్తోంది, పోతోంది. కొత్తది దాని కింద ఉన్న నేల ఎత్తు పెరగడం, అంటే సముద్రపు మామూలు వేడే పెరగడం. బొగ్గూ చమురూ మండించి మనం గాలిలోకి పంపిన వాయువుల వల్ల భూమి మీద నిలిచిపోయిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగింది. మన ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైపొర 1951 నుంచి 2015 లోపల సగటున ఒక డిగ్రీ వేడెక్కింది. ఒక్క డిగ్రీ అని తేలికగా తీసుకోకండి. ఇందాక చెప్పాను, పగడానికి హద్దు ఆ ఒక్క డిగ్రీయే. పూర్వం బలమైన ఎల్ నినో వస్తేనే దాటే గీతను, ఇప్పుడు మామూలు వేసవి కూడా దాటుతోంది. సముద్రం వేడితో పాటు బొగ్గుపులుసు వాయువును కూడా పీల్చుకొని ఆమ్లత్వం పెంచుకుంటోంది. పారిశ్రామిక యుగానికి ముందున్న 8.2 పీహెచ్ ఇప్పుడు 8.1కి తగ్గింది. అంకె చిన్నదే అయినా, ఆమ్లత్వం దాదాపు 30 శాతం పెరిగిందని దాని అర్థం. ఆ నీటిలో సున్నపురాయి ఎముక కట్టుకోవడం పగడానికి ఇంకా కష్టమవుతుంది.

మనకెందుకు అన్న ప్రశ్న

మన కోస్తా ఆంధ్ర తీరం ఇంత పొడవుంది కదా, అక్కడ పగడపు దిబ్బలు ఎందుకు లేవు అని ప్రతిచోటా అడుగుతారు. కారణం మన అదృష్టమే. గోదావరి, కృష్ణ. పగడానికి ఉప్పు నీరు కావాలి, నిర్మలమైన వెలుతురు కావాలి. ఆ రెండు నదులూ తెచ్చే మంచినీరూ ఒండ్రూ మనకు అన్నం పెట్టే డెల్టాలను కట్టాయి, పగడాలను మాత్రం కట్టనివ్వలేదు. అందువల్ల చెప్పుకోదగ్గ దిబ్బలు మన వైపు లేవు. కాని మన్నారు సింధుశాఖ చేపకు సరిహద్దులు లేవు. సముద్రపు అడుగున ఒక శాతం కూడా లేని ఈ దిబ్బలలో సముద్ర జీవ జాతులలో సుమారు నాలుగో వంతు తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆశ్రయం పొందుతాయి.

అంతకు మించి, దిబ్బ అంటే గోడ. ఆరోగ్యంగా ఉన్న దిబ్బ తీరానికి వచ్చే అల శక్తిలో సగటున 97 శాతాన్ని ముందే విరిచేస్తుంది. 2004 డిసెంబరు సునామీలో మన మెరీనాలో ఏం జరిగిందో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. అదే రోజు శ్రీలంకలో హిక్కడువ దగ్గర, దిబ్బ నిలిచి ఉన్న చోట అల రెండు మూడు మీటర్లు వచ్చింది. కొద్ది కిలోమీటర్ల దూరంలో, పగడాలను తవ్వేసిన పెరలియ దగ్గర దాదాపు పది మీటర్ల అల వచ్చి రైలునే ఎత్తి పడేసింది.

మనం కూడా తవ్వాము. ధనుష్కోటి వెళ్ళినవారు 1964 తుఫానులో కూలిన చర్చి గోడలను చూసే ఉంటారు. దగ్గరికి వెళ్ళి చెయ్యి వేసి చూడండి, తేనెపట్టులా గూళ్ళు గూళ్ళుగా కనిపిస్తుంది. అది పగడపు రాయి. ఇళ్ళకూ, సున్నపు బట్టీలకూ, తరువాత పరిశ్రమలకూ తూత్తుకుడి వైపు దిబ్బలనుంచి దశాబ్దాలపాటు పగడాన్ని తవ్వి తరలించారు. దాని ఫలితంగా ఆ 21 దీవులలో రెండు, పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి, నీట మునిగిపోయాయి. వాన్ దీవి చాలా వరకూ కోసుకుపోయింది. 2001లో గట్టి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేర్చారు. తవ్వకం ఆగింది. ఆగిన తరువాత కొన్ని చోట్ల దిబ్బలు కోలుకోవడం మొదలైంది. ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతి, ఎందుకంటే మనుషులు చెయ్యి తీస్తే పగడం తిరిగి పెరుగుతుందని అక్కడ కళ్ళారా చూశాము.

తూత్తుకుడిలోని పరిశోధకులు ఏళ్ళ తరబడి పగడపు ముక్కలను సిమెంటు పలకలకు కట్టి సముద్రంలో నాటుతున్నారు, వాన్ దీవి ముందు కాంక్రీటు దిమ్మెలు దించి అల జోరు తగ్గిస్తున్నారు. ఆ పని చేసేవారి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఒక్కొక్క ముక్కను చేత్తో కట్టాలి, నీటి అడుగున, గంటల తరబడి. కాని నాటిన పగడానికి కూడా వేడి హద్దు అదే. నీళ్ళు మరిగిపోతుంటే నాట్లు వేసి ఏం లాభం? వాటికి కూడా వ్యవధి కావాలి. ఆ వ్యవధిని ఇచ్చే మార్గాలు రెండు. మొదటిది తీరం దగ్గర చేయగలిగినది. మురుగునీటిని దిబ్బల మీదికి వదలకుండా ఉండటం, దిబ్బమీద నాచును మేసి పిల్ల పగడాలకు చోటు చేసే చిలుక చేపలను వలలతో ఊడ్చకుండా ఉండటం, బయటి జాతులను తెచ్చి వదలకుండా ఉండటం. సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే సముద్రపు నాచు కురుసడై దీవి దగ్గర పగడాల మీదికి పాకి వాటిని కప్పేసింది. ఆ సాగు మీద బ్రతికే ఆడవారి కష్టం నాకు తెలుసు, వారిని నేను తప్పుపట్టను. ఎక్కడ పెంచాలో ముందే ఆలోచించవలసినది వారికి ఆ నాచును ఇచ్చినవారు. ఇవన్నీ చేస్తే తెల్లబడిన పగడం త్వరగా కోలుకుంటుంది, చావులు తగ్గుతాయి.

రెండోది ఉష్ణోగ్రత. దానికి మండపంలో మందు లేదు. భూమి సగటు వేడి పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే 1.5 డిగ్రీలు పెరిగితే ప్రపంచంలోని పగడపు దిబ్బలలో 70 నుంచి 90 శాతం తగ్గిపోతాయని, రెండు డిగ్రీలు పెరిగితే 99 శాతానికి పైగా పోతాయని 2018లో ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం అయిన ఐపీసీసీ నివేదిక చెప్పింది. కొందరు ఈ అంకెలు విని, ఇక చేసేదేముంది, ఎలాగూ పోయేవే కదా అంటారు. నేను దానికి ఒప్పుకోను. పదిలో ఒకటి మిగలడానికీ మూడు మిగలడానికీ తేడా చాలా ఉంది. ఆ మిగిలినవే విత్తనం. పౌర్ణమి తరువాతి రాత్రులలో దిబ్బలోని పగడాలు ఒకేసారి, కోట్ల సంఖ్యలో, ఆవగింజల వంటి గుళికలను నీటిలోకి వదులుతాయి. వాటినుంచి పుట్టిన పిల్లలు ప్రవాహంలో ఎంతో దూరం కొట్టుకుపోయి, ఖాళీగా ఉన్న రాయి దొరికితే అంటుకుంటాయి. ఎక్కడో ఒక దిబ్బ బ్రతికి ఉంటేనే మరో దిబ్బకు పిల్లలు చేరుతాయి. లక్షద్వీప్ సంగతి చూడండి. 1998, 2010, 2016 దెబ్బలకు అక్కడి పగడాలు సుమారు సగానికి తగ్గాయి, 2024లో మళ్ళీ తెల్లబడ్డాయి. ఆ దీవులు సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తున పగడపు ఇసుక మీద నిలిచినవి. అరవై వేల మందికి పైగా మనుషులు ఆ ఇసుక మీద ఇళ్ళు కట్టుకొని ఉన్నారు. వారి ముందు నిలబడి, ఎలాగూ పోయేవే కదా అని నేను అనలేను.

సమయం మించిందని అధ్యక్షులవారు సూచిస్తున్నారు. ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. వచ్చే ఫిబ్రవరిలో, నీళ్ళు ఇంకా చల్లగా ఉన్న రోజులలో, నా పాత విద్యార్థులు కొందరు అటవీశాఖ అనుమతి తీసుకొని మండపం వెళుతున్నారు. నేనూ వెళుతున్నాను. 2016లో తెల్లగా చూసిన ఆ కొమ్మల పగడాల దగ్గరికే మళ్ళీ వెళతాము, ఆటు సమయంలో, నడుము లోతు నీళ్ళలో. ఈత రాకపోయినా పరవాలేదు. రావాలనుకున్నవారు బయట బల్ల దగ్గర ఉన్న పుస్తకంలో పేరు రాయండి, పిల్లలను తప్పకుండా తీసుకురండి.